పాలసీకీ వయసు రానివ్వండి

ఇవాళ కొంచెం డబ్బు సంగతి, కొంచెం ఒంటి సంగతి కలిపి మాట్లాడుకుందాం. ఈ మధ్య ఏ పెళ్లి భోజనాల దగ్గర కూర్చున్నా, ఏ అపార్టుమెంటు మెట్ల దగ్గర నలుగురు కలిసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "హెల్త్ పాలసీ ఏడాదికి కట్టమంటారా, మూడేళ్లకు ఒకేసారి కట్టెయ్యమంటారా?" అని ఒకరు. "ఆఫీసువాళ్లు ఇచ్చింది ఉందిగా, మళ్లీ సొంతానికి ఎందుకండీ?" అని ఇంకొకరు. "అమ్మానాన్న ఆరు నెలలు అమెరికా వస్తున్నారు, వాళ్లకి ఏది తీసుకోవాలి పిన్నీ?" అని ఫోన్లో ఒక అమ్మాయి.

పైకి ఇవి మూడు ప్రశ్నల్లా ఉన్నా లోపల ఉన్నది ఒక్కటే. కొద్దికాలానికి సరిపోయే బీమా ఏది, జీవితకాలం తోడుండే బీమా ఏది, మనకు కావలసింది ఏది? జవాబు తెలిసినవాళ్లు ఆస్పత్రి కౌంటరు దగ్గర కొంత నిబ్బరంగా నిలబడతారు. తెలియనివాళ్లు అదే కౌంటరు దగ్గర బంగారం తాకట్టు గురించి ఆలోచిస్తారు. అందుకే ఈ కబుర్లు.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. మన దేశంలో ఆరోగ్య పాలసీ మామూలుగా ఏడాదికి రాస్తారు. ఏడాది కాగానే రెన్యువల్ చేసుకోవాలి. కావాలంటే రెండేళ్లకో మూడేళ్లకో ఒకేసారి కట్టవచ్చు. ఇంతవరకూ చూస్తే ఏడాది పాలసీ కొద్దికాలానిది, మూడేళ్లది దీర్ఘకాలానిది అనిపిస్తుంది. నేను అలా చూడను. ఏడాదికోసారి కడుతూ ఇరవై ఏళ్లు తెగకుండా నడిపిన పాలసీ దీర్ఘకాలపు పాలసీయే. మూడేళ్లకు కట్టేసి, నాలుగో ఏడు మరిచిపోయి వదిలేసింది కొద్దికాలపు పాలసీయే. డబ్బు ఎన్నాళ్లకోసారి కట్టామన్నది తర్వాతి మాట. పాలసీ ఎన్నాళ్లుగా తెగకుండా ఉందన్నదే అసలు మాట.

ఎందుకంటారా? పాలసీ తీసుకున్న రోజు చేతికొచ్చే కాగితంలో పూర్తి బలం ఉండదు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు డబ్బు రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, కిడ్నీలో రాళ్లు, మొలలు, మోకాలి కీళ్ల మార్పిడి లాంటి వాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. పాలసీ తీసుకునే నాటికే షుగరో బీపీయో థైరాయిడో ఉంటే, వాటికి సంబంధించిన వైద్యానికి మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. ఇదివరకు నాలుగేళ్ల దాకా ఆపేవాళ్లు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ గడువు 36 నెలలు మించకూడదని నియమం పెట్టింది.

దానితో పాటు ఇంకో మంచి నియమం కూడా ఉంది. పాలసీ తెగకుండా 60 నెలలు, అంటే ఐదేళ్లు నడిస్తే, ఆ తర్వాత "మీరు అప్పుడు ఫలానా జబ్బు సంగతి చెప్పలేదు" అని పాత కాగితాలు తవ్వి క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. మోసం చేశారని రుజువైతే మాత్రం వేరే సంగతి. ఇదివరకు ఇది ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఐదుకు తగ్గింది.

అంటే లెక్క చూడండి. మొదటి నెల దాటితే పాలసీకి కాస్త బలం. రెండేళ్లకు ఇంకొంత. మూడేళ్లకు దాదాపు పూర్తి. ఐదేళ్లకు గట్టిపడుతుంది. మనిషికి వయసొచ్చేకొద్దీ ఒంట్లో బలం తగ్గుతుంది. పాలసీకి వయసొచ్చేకొద్దీ బలం పెరుగుతుంది. ఈ రెండు వయసులూ కలిసి నడవాలి. మన ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పాలసీ మొదలుపెడితే, ఒంటికి అవసరం వచ్చే నాటికి అది పెద్దదై మనల్ని ఆదుకుంటుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

అన్నదమ్ములిద్దరు ఉన్నారనుకోండి. అన్న 32 ఏళ్లప్పుడు, ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు, సొంతంగా ఒక పాలసీ తీసుకున్నాడు. ఏటా కట్టుకుంటూ పోయాడు. తమ్ముడికి మంచి ఉద్యోగం, ఆఫీసు ఇన్సూరెన్స్ ఇంటిల్లిపాదికీ ఉంది. "దండగ" అని సొంతానికి తీసుకోలేదు. ఇద్దరికీ నలభైల్లో షుగరు వచ్చింది. అన్నకు అది పాలసీ తీసుకున్న చాలా ఏళ్లకు వచ్చిన జబ్బు, కనుక దానికి ప్రత్యేకంగా ఆగాల్సిన పని లేదు. తమ్ముడికి 52వ ఏట కంపెనీ మూతపడి ఉద్యోగం పోయింది. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే పోయింది. ఇప్పుడు కొత్తగా తీసుకోవాలంటే వైద్య పరీక్షలు, ఎక్కువ ప్రీమియం, షుగరు సంబంధిత వైద్యానికి మూడేళ్ల దాకా నిరీక్షణ. ఆ మూడేళ్లలో గుండెకు స్టెంటు వెయ్యాల్సి వస్తే, దానికి కారణం షుగరేనని కంపెనీ అంటే, ఇంటి డబ్బే దిక్కు. అన్న ప్రతిభావంతుడేమీ కాదు, తమ్ముడు అజాగ్రత్తపరుడేమీ కాదు. ఒకరి పాలసీకి ఇరవై ఏళ్లు, ఇంకొకరి పాలసీకి ఒక్కరోజు. తేడా అంతా అక్కడే.

అలాగని ఆఫీసు పాలసీ మంచిది కాదని అనను. చాలా గ్రూప్ పాలసీల్లో మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ వైద్యం ఉంటుంది, తల్లిదండ్రులను కూడా చేరుస్తారు. అది ఉన్నన్నాళ్లు హాయిగా వాడుకోండి. కానీ అది ఉద్యోగానికి కట్టిన పాలసీ అని, మనిషికి కట్టింది కాదని గుర్తుంచుకోండి. ఉద్యోగం మానేసేటప్పుడు ఒక హక్కు ఉంది, చాలామందికి తెలియదు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారమని అడగవచ్చు. గ్రూప్‌లో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే ఇందాక చెప్పుకున్న ఆగే గడువులో, కలిపి చూస్తారు. కొత్త పాలసీ ఇచ్చే ముందు కంపెనీ తన పరిశీలన తాను చేసుకుంటుంది, కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకుండా రాజీనామా ఇచ్చిన వారంలోనే ఆఫీసువాళ్లను అడగండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే మాట. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. దుబాయ్‌లో యజమాని ఇచ్చే ఇన్సూరెన్స్ అక్కడ పని ఉన్నన్నాళ్లే. పదిహేనేళ్లు కష్టపడి, నడుం నొప్పితో, బీపీతో ఊరికి తిరిగొచ్చిన రోజున చేతిలో ఏ పాలసీ ఉండదు. అక్కడ సంపాదిస్తున్నప్పుడే ఇక్కడ ఒక పాలసీ మొదలుపెట్టి నడపడం ఎంత అవసరమో వాళ్లే ఆలోచించాలి.

మరి కొద్దికాలపు పాలసీకి చోటే లేదా? ఉంది, బాగా ఉంది. అవసరానికి మొదలూ చివరా ముందే తెలిసినప్పుడు కొద్దికాలపు పాలసీయే సరైనది. 2020 గుర్తు చేసుకోండి. ఆ జూలైలో కరోనా కవచ్ అని ఒక పాలసీ వచ్చింది. మూడున్నర నెలలు, ఆరున్నర నెలలు, తొమ్మిదిన్నర నెలలు, ఇలా మూడు గడువుల్లో, 50 వేల నుంచి 5 లక్షల దాకా ఇచ్చారు. మొదటి 15 రోజులు ఆగాలి. అప్పటి భయానికి, అప్పటి అవసరానికి అది సరిగ్గా సరిపోయింది. కానీ కోవిడ్‌కు తప్ప దేనికీ పనికిరాదు. "మాకు ఇన్సూరెన్స్ ఉంది" అని ఆ కాగితాన్నే నమ్ముకున్నవాళ్లకు గడువు తీరిన మర్నాడు చేతిలో ఏమీ లేదు.

రెండోది అమెరికా ప్రయాణం. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ఆ ఆరు నెలలకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. ఇందులో రెండు రకాలు. ఒకటి, ఒక్కో వైద్యానికి ఇంత అని ముందే పరిమితి రాసి ఉంచేది. చవకగా వస్తుంది. అక్కడి ఆస్పత్రి బిల్లులో ఆ పరిమితి ఏ మూలకూ రాదు. రెండోది, మనం కొంత భరించాక మొత్తం పరిమితి దాకా బిల్లులో ఎక్కువ భాగం భరించేది. ఖరీదెక్కువ, కానీ అమ్మానాన్నల కోసమైతే ఇదే తీసుకోమంటాను. ఏది తీసుకున్నా పాత జబ్బులకు మామూలు వైద్యం అందులో ఉండదు. ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరి అత్యవసరంగా ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే కొంతవరకు ఇచ్చే పాలసీలు ఉన్నాయి. ఆ వాక్యాన్ని, వయసు పరిమితితో సహా, రెండుసార్లు చదవండి. ఆరు నెలలకు సరిపడా మందులు, డాక్టరు చీటీ ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "ఎలాగూ ఆరు నెలలు ఊళ్లో ఉండం కదా" అని ఇక్కడి పాలసీ రెన్యువల్ వదిలేస్తారు. అంత పని చెయ్యకండి. ఇక్కడి పాలసీ చాలావరకు అక్కడి వైద్యానికి ఇవ్వదు, అది నిజమే. కానీ అది తెగితే ఇన్నేళ్లూ వచ్చిన దాని వయసంతా పోతుంది. తిరిగొచ్చాక డెబ్భై ఏళ్ల నాన్నగారికి మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. విమానం ఎక్కే ముందు రెన్యువల్ తేదీ చూసుకోండి. మధ్యలో వస్తే ముందే కట్టేసి వెళ్లండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ కొద్దికాలం, దీర్ఘకాలం ప్రశ్న ఇంకా పదునుగా ఎదురవుతుంది. హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోయిందంటే వీసా దిగులుతోపాటు ఇన్సూరెన్స్ దిగులు కూడా. అప్పుడు చవకగా కనిపించేది షార్ట్ టర్మ్ ప్లాన్. 2010 నాటి ఆరోగ్య చట్టం నియమాలు దానికి వర్తించవు. పాత జబ్బులుంటే అసలు ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా ఆ జబ్బులను వదిలేస్తారు. కాన్పు ఖర్చు సాధారణంగా ఉండదు. 2024 సెప్టెంబరు నుంచి కొత్తగా అమ్మేవి పొడిగింపుతో కలిపి నాలుగు నెలలు మించకూడదని అక్కడి కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. తర్వాతి ప్రభుత్వం 2025 ఆగస్టులో ఆ నియమం అమలుకు ప్రాధాన్యం ఇవ్వబోమని చెప్పింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో వీటిని అమ్మనివ్వరు. టెక్సాస్‌లో దొరుకుతాయి.

దానికి బదులు రెండు దారులున్నాయి. ఒకటి కోబ్రా. ఇరవై మంది, ఆ పైన ఉద్యోగులున్న కంపెనీ నుంచి బయటికొస్తే, అదే ఇన్సూరెన్స్‌ను మన డబ్బుతో సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. ఖర్చు ఎక్కువే. కానీ తేల్చుకోవడానికి 60 రోజులు ఇస్తారు. ఎంచుకుంటే ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, ఆ రోజు నుంచి ప్రీమియం కట్టాలి. రెండోది, ఉద్యోగపు ఇన్సూరెన్స్ పోయిన 60 రోజుల్లోపు, ఆ 2010 చట్టం కింద నడిచే మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లో చేరడం. పాత జబ్బులున్నాయని అక్కడ కాదనరు. భార్య కడుపుతో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉన్నా ఈ రెండింటిలో ఒకటి చూసుకోమనండి. ఒంట్లో ఏ జబ్బూ లేని ఒంటరి కుర్రాడు, వచ్చే నెలలో కొత్త ఉద్యోగంలో చేరడం ఖాయమై, ఆ నెలకు మాత్రం షార్ట్ టర్మ్ తీసుకుంటే అర్థముంది. చవకగా ఉందని ఇంటిల్లిపాదినీ దాని మీద ఉంచడంలో అర్థం లేదు.

సరే, మళ్లీ మన ఊరికి వద్దాం. సొంత పాలసీ తీసుకోవడం ఖాయమైంది. ఏడాదికా, మూడేళ్లకా?

మూడేళ్లకు ఒకేసారి కడితే మంచి ఏమిటంటే, ఆ మూడేళ్లూ ప్రీమియం మారదు. మధ్యలో కంపెనీ రేట్లు పెంచినా, మన వయసు తర్వాతి మెట్టు ఎక్కినా మన మీద పడదు. చాలా కంపెనీలు కొంత తగ్గింపు కూడా ఇస్తాయి. రెన్యువల్ మరిచిపోయే ప్రమాదం మూడేళ్లకోసారికి తగ్గుతుంది. 45కో 50కో 60కో దగ్గరపడి, వచ్చే ఏడు ప్రీమియం మెట్టు ఎక్కుతుందని తెలిసినవాళ్లకు ఇది నిజంగా కలిసొస్తుంది. నెలజీతం లేనివాళ్లకు, అంటే మిర్చి అమ్మిన ఏడు చేతినిండా డబ్బుండి, మరుసటి ఏడు కటకటలాడే రైతుకు, వ్యాపారికి, కాంట్రాక్టు పనుల మీద బతికేవాళ్లకు ఇంకా బాగా పనికొస్తుంది. డబ్బున్న రోజున మూడేళ్లకు కట్టేస్తే, లేని ఏడు కూడా పాలసీ తెగదు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. ప్రీమియం 20 వేలైతే అంతకుముందు పన్నే 3,600 అయ్యేది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ప్రీమియం మీద ఏటా 25 వేల దాకా, అరవై దాటినవాళ్లకు 50 వేల దాకా మినహాయింపు ఉంది. మూడేళ్ల ప్రీమియం ఒకేసారి కట్టినా, ఆ మినహాయింపును మూడేళ్లకూ సమానంగా పంచి చూపించుకోవాలి.

మూడేళ్లకు కట్టడం ఎవరికి వద్దంటానంటే, అప్పు చేసి కట్టేవాళ్లకు. క్రెడిట్ కార్డు మీద వడ్డీ కడితే ఆ తగ్గింపు ఎప్పుడో కరిగిపోతుంది. కంపెనీ మీద నమ్మకం కుదరనివాళ్లకూ వద్దు, వాళ్లు మొదటి ఏడు ఏడాదికే కట్టి చూసుకోవచ్చు. సేవలు నచ్చకపోతే వేరే కంపెనీకి మారవచ్చు. పోర్టింగ్ అనే ఈ సదుపాయం 2011 నుంచి ఉంది. ఇన్నేళ్లు ఆగిన కాలం కొత్త కంపెనీలోనూ లెక్కకొస్తుంది. కాకపోతే గడువు తీరే వారంలో పరుగులు పెడితే కుదరదు. నెలన్నర, రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక్కడ రెండు అపోహలు తీర్చాలి. మూడేళ్లకు ఒకేసారి కట్టేస్తే వెయిటింగ్ పీరియడ్ తగ్గుతుందని కొందరు అనుకుంటారు. తగ్గదు. డబ్బు ముందు కట్టినా కాలం ముందుకు జరగదు. రెండోది, 5 లక్షల పాలసీని 15 లక్షలకు పెంచితే మొత్తానికీ పాత వయసే వర్తిస్తుందని అనుకుంటారు. పెరిగిన 10 లక్షలకు గడియారం కొత్తగా మొదలవుతుంది. అందుకే పెంచుకోవాలనుకుంటే జబ్బు వచ్చాక కాకుండా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెంచండి.

మూడేళ్ల పాలసీ తీసుకునే ముందు ఏజెంటును ఒక ప్రశ్న అడగండి: "బాబూ, ఈ పాలసీలో రాసిన 10 లక్షలు ఏ ఏటికాయేడు కొత్తగా వస్తాయా, మూడేళ్లకూ కలిపి ఒకటేనా?" జవాబు నోటితో చెబితే సరిపోదు, పాలసీ కాగితంలో చూపించమనండి. గది అద్దెకు పరిమితి ఉందా అని కూడా చూడండి. పరిమితి రోజుకు 5 వేలైతే, మీరు 10 వేల గదిలో చేరితే, గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజుతో సహా ఇతర ఖర్చుల్లో కూడా కోత పడవచ్చు. ఇది తెలియక డిశ్చార్జి రోజున బిత్తరపోయేవాళ్లు ఎందరో. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే వీలుంది. ఆ నెల రోజులు కాగితాన్ని బీరువాలో పెట్టకండి, చదవండి.

జబ్బుల సంగతి దాచకండి. "షుగరు ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయకండి" అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ సలహా ఇచ్చినవాళ్లు క్లెయిమ్ రోజున మీ పక్కన ఉండరు. నిజం రాసి మూడేళ్లు ఆగితే ఆ తర్వాత హక్కుగా అడగవచ్చు. అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా భయం, మోసమని తేలితే ఆ తర్వాత కూడా భయమే.

రెన్యువల్ తేదీ దాటిపోతే ఏమవుతుంది? ఏడాది ప్రీమియం కట్టేవాళ్లకు 30 రోజుల వెసులుబాటు ఉంది. ఆలోపు కడితే పాలసీ వయసు నిలుస్తుంది. కానీ ఆ మధ్యరోజుల్లో ఆస్పత్రిలో చేరితే డబ్బు రాదు. ఆ 30 రోజులూ దాటాయంటే మొదటికొచ్చినట్టే. ఇంకో ధైర్యం కూడా చెప్పాలి. పోయినేడు క్లెయిమ్ తీసుకున్నారన్న కారణంతో రెన్యువల్ కాదనే హక్కు కంపెనీకి లేదు. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు. అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాయండి, అక్కడ తేలకపోతే హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్లు, డెబ్భై దాటిన పెద్దలు ఇంకో మాట వినండి. డెబ్భై నిండినవారికి ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన పథకం 2024 అక్టోబరులో మొదలైంది. అర్హత ఉంటే ఆ కార్డు తీసుకోండి. ప్రభుత్వం ఇచ్చేదాన్ని వాడుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. ఆ పథకాల్లో ఏ ఆస్పత్రులు ఉన్నాయో, మీకు నచ్చిన డాక్టరు అక్కడ ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. దాన్నిబట్టి సొంత పాలసీ ఎంత కావాలో తేల్చుకోవచ్చు.

చివరగా ఒక్క పని అడుగుతాను, కాదనకండి. ఈ రాత్రికే ఇంట్లో పాలసీ కాగితాలు బయటికి తీయండి. పాలసీ ఏ రోజున మొదలైంది, ఏ రోజుకు తీరిపోతుంది, ఏ జబ్బుకు ఎన్నాళ్లు ఆగమంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచండి. కాగితమే లేదని తేలితే, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల పిల్లాడి పేరుతోనైనా సరే, ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఏడాదికి కడతారో, మూడేళ్లకు కడతారో మీ వీలు. కొద్దికాలపు పాలసీ కొద్దికాలపు అవసరానికే. జీవితకాలానికి మాత్రం మీ పేరు మీద ఒక పాలసీ ఉండాలి, అది ఒక్కరోజు కూడా తెగకూడదు.